బంతిని చూడని ఇద్దరు

వెర్నా గిల్లరీ పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించింది. ఆ వారమంతా బడి వంటశాలలో సెలవు పెట్టింది. ఇన్నేళ్లూ ఊరందరి పిల్లలకీ వండిపెట్టింది, ఈ నాలుగు రోజులైనా కన్నకొడుక్కి వండుకోవాలని ఆమె కోరిక. ఇనప మూకుట్లో నూనె పోసి, పిండి వేసి, తిప్పుతూ నిలబడింది. పిండి వేగి ముదురు రంగుకు తిరిగేదాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే మాడుతుంది. లూసియానా కింది జిల్లాల్లో పుట్టిన ఆడదానికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

కొడుకు థియో వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. గుమ్మం నిండిపోయింది. వాడు లోపలికి వచ్చి కూర్చుంటే తప్ప వంటింట్లోకి వెలుతురు రాలేదు.

"పొద్దున్నే ఏంటమ్మా ఈ వాసన?"

"పంది మాంసం గ్రేవీ. అన్నంలోకి. నీ కోసమే."

"ఇప్పుడు వద్దమ్మా. గుడ్లు పెట్టు చాలు. శనివారం దాకా కోచ్‌లు చెప్పినట్టే తినాలి."

కిటికీ దగ్గర కూర్చుని పెకాన్ కాయలు కొడుతున్న యులాలీ ముసలమ్మ తల ఎత్తలేదు. ఆవిడ వెర్నాకి అత్తగారు. చెవులు బాగా పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది.

"వాడికి నీ గ్రేవీ ఎందుకే కోడలా. వాణ్ని ఇంతవాణ్ని చేసిన బల్ల వేరే ఉందిటగా. టీవీలో చెప్పాడుగా."

"నానమ్మా," అన్నాడు థియో.

"నేనేం అన్నాను? నువ్వన్న మాటే అన్నాను."

వెర్నా గరిట ఆపలేదు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. వారం రోజులుగా ఊరంతా అదే మాట. టీవీ వాళ్లు వచ్చి, ఇంత ఒళ్లు, ఇంత బలం ఎక్కడివి బాబూ అని థియోని అడిగారు. వాడు సిగ్గుపడుతూ నేలచూపులు చూసి, "మిస్ జో వాళ్ల బల్ల దగ్గర," అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు. మిస్ జో అంటే కాలేజీలో ముందువరస కుర్రాళ్లకు ఆట నేర్పే కోచ్ ప్రూయిట్ గారి భార్య. ప్రతి గురువారం సాయంత్రం లైన్‌మన్‌లందరినీ ఇంటికి పిలిచి వండిపెడుతుంది. చర్చి మెట్ల దగ్గర ఒకావిడ వెర్నాని పట్టుకుని నవ్వింది. "మా పిల్లలందరికీ నువ్వే వండిపెట్టావు. నీ పిల్లాడికి మాత్రం ఎవరో పెట్టారట కదమ్మా." వెర్నా కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక ఆ నవ్వు గొంతులో ముల్లై కూర్చుంది.

అమెరికా ఫుట్‌బాల్ ఆటలో లైన్‌మన్ అంటే బంతి ముట్టనివాడు. బంతి పట్టుకు పరుగెత్తేవాడు వేరు, విసిరేవాడు వేరు. వాళ్ల మీదికి వచ్చేవాళ్లను తన ఒంటితో ఆపి, పడేసి, దారి చేసేవాడు లైన్‌మన్. వాడి పేరు ఎవరికీ తెలియదు. తప్పు చేసినప్పుడు మాత్రం మైకులో పిలుస్తారు. థియో ఊరి బడిలో ఆడేటప్పుడు తాటిచెట్టంత పొడుగు, ఒళ్లు మాత్రం లేదు. కాలేజీ వాళ్లు ఎముకలు చూసి తీసుకున్నారు, కండ మేం పెడతామన్నారు. మొదటి ఏడు మైదానంలోకి దిగనివ్వలేదు. రెండో ఏడు ఎవరైనా దెబ్బతింటే దించేవారు. మూడో ఏడు ముందువరసలో ఎడమవైపు నిలబడే గార్డు చోటు వాడిదైంది. ఆ ఏడే ఎడమచేతి రెండు వేళ్లు విరిగి వంకరగా అతుక్కున్నాయి. కట్టు కట్టుకునే ఆడాడు. ఆఖరి ఏడు జట్టుకు నాయకుల్లో ఒకడయ్యాడు. ఇప్పుడు పెద్ద జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు. గురువారం, శుక్రవారం పేరున్నవాళ్లవి. థియోలాంటివాళ్లు శనివారం కోసం ఎదురుచూస్తారు. శనివారం సాయంత్రానికి కూడా పేరు రాకపోతే, ఇన్నేళ్లు పెంచిన ఆ ఒళ్లు వేసుకుని ఏ జట్టు గుమ్మం దగ్గరో నిలబడి పిలుపు కోసం చూడాలి.

వెర్నా ప్రతి ఆటకూ వెళ్లింది. కానీ ఒక్క ఆటలోనూ బంతిని చూడలేదు. ఆమె చూపంతా ఆ కుప్ప మీదే. ఈల పడ్డాక అంతమంది ఒకరిమీద ఒకరు పడి ఉంటే, అడుగునుంచి తన కొడుకు లేచేదాకా ఆమెకు ఊపిరి ఆడదు. బియ్యం మిల్లులో పనిచేసే భర్త హ్యూబర్ట్ దారిలో ఎగతాళి చేసేవాడు. "ఇంతకీ ఎవరు గెలిచారో చెప్పు చూద్దాం." ఆమెకు తెలిసేది కాదు.

అలా చూస్తుండగానే ఒకనాడు కింద కటకటాల దగ్గర నిలబడిన తెల్లావిడ కంటపడింది. బంతి అటు పోతే జనమంతా అటు తిరిగారు. ఆవిడ తిరగలేదు. దుర్భిణి పట్టుకుని కుప్పనే చూస్తోంది. థియో లేచి నిలబడ్డాక దుర్భిణి దించి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆవిడే మిస్ జో. ఆ చెయ్యి చూసినప్పుడే వెర్నా కడుపులో మొదటిసారి మంట పుట్టింది. మైదానంలో అన్ని వేలమంది ఉండగా, బంతిని చూడని ఆడది తానొక్కతే అనుకుంది అంతదాకా.

"అమ్మా," అన్నాడు థియో, గుడ్లు తినడం అయ్యాక. "శనివారం మిస్ జోని కూడా రమ్మన్నాను."

మూకుట్లోంచి మాడు వాసన వచ్చింది. వెర్నా గరిట ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియదు.

"మన ఇంటికా?"

"మన ఇంటికే. నా పక్కన కూర్చోవాలని నా ఆశ. నువ్వు ఒకపక్క, ఆవిడ ఒకపక్క."

"నాకు ఒకపక్క, ఆవిడకి ఒకపక్క," అంది వెర్నా. "పంచావన్నమాట."

"అదేం మాటమ్మా?"

"ఏం లేదు. పిండి మాడింది. మళ్లీ వేయించాలి."

థియో చిన్నప్పటినుంచీ మాటకారి కాదు. తోసేవాడే గానీ వాదించేవాడు కాదు. తల్లి భుజం మీద చెయ్యి వేసి, ఆమె తిరగకపోతే, బయటికి వెళ్లిపోయాడు.

యులాలీ ముసలమ్మ ఒక కాయ పగలగొట్టి పప్పు నోట్లో వేసుకుంది. "ఏనుగును కన్నావు. ఏనుగు దాహానికి చూరు నీళ్లు చాలుతాయా? ఎవరో చెరువు చూపించారు. అందుకు ఏడుస్తావెందుకు?"

"నేను ఏడవట్లేదు అత్తయ్యా."

"ఏడిస్తే పోయేది. ఉడుకుతున్నావు. అదే మంచిది కాదు."

శుక్రవారం మధ్యాహ్నం వెర్నా ఫోను మోగింది. డ్రాఫ్టు రోజుల్లో కుర్రాడి ఫోనుకు ఎవరూ చెయ్యకూడదు. పెద్ద జట్టువాళ్లు ఏ క్షణాన పిలుస్తారో తెలియదు. ఆ పద్ధతి తెలిసినవాళ్లు తల్లికో తండ్రికో చేస్తారు.

"వెర్నా గారేనా? నేను జో ఎలెన్ ప్రూయిట్‌నండి. థియో ఫోను ఖాళీగా ఉండాలి కదా, అందుకని మీకు చేశాను. రేపు ఎన్నింటికి రమ్మంటారు? ఏం వండి తెమ్మంటారు?"

గొంతు మెత్తగా ఉంది. వెర్నాకి ఆ మెత్తదనమే గుచ్చుకుంది. నా ఇంటికి వస్తూ వండి తెస్తుందట. నా కొడుక్కి నా ఇంట్లో కూడా ఆవిడే పెట్టాలన్నమాట.

"రేపండీ..." అంది వెర్నా. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. "రేపు ఇంటివాళ్లం మటుకే ఉందామనుకున్నాం. థియో కూడా అదే మంచిదన్నాడు. మీకు చెప్పలేక మొహమాటపడుతున్నాడు."

అవతల ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది.

"అలాగేనండి. అంతేకదా, ఇల్లు ఇల్లే," అంది జో ఎలెన్. "సరిగా నిద్ర లేకపోతే వాడికి ఎడమ మోకాలు పట్టేస్తుంది. వేణ్ణీళ్లలో గుడ్డ తడిపి వెయ్యండి. ఉంటానండి."

వెర్నా ఫోను పెట్టేసింది. చేసిన పనికి సిగ్గుపడాల్సిందే. కానీ సిగ్గుకన్నా ముందు మళ్లీ మంటే వచ్చింది. నా కొడుకు మోకాలు సంగతి నాకు చెబుతుందా. ఏ మోకాలో నాకు తెలియదా. నిజానికి తెలియదు. థియో ఇంట్లో ఎప్పుడూ కుంటలేదు. ఆ రాత్రి వాడు నిద్రపోకుండా అటూ ఇటూ దొర్లడం విని కూడా వేణ్ణీళ్లు కాచలేదు ఆమె. కాస్తే ఆ మాట ఆవిడ చెప్పినట్టవుతుందని.

శనివారం పెరడంతా జనం. వరిచేలల్లో పట్టిన ఎర్రరొయ్యలను పెద్ద కుండలో మొక్కజొన్న కంకులతో, బంగాళదుంపలతో కారంగా ఉడికించి, కాగితాలు పరిచిన బల్లల మీద కుప్పలు పోశాడు హ్యూబర్ట్. చుట్టాలు, చర్చివాళ్లు, బడిలో వెర్నాతో వండేవాళ్లు, అందరూ నిలబడి వలుచుకుని తింటున్నారు. వసారాలో టీవీ పెట్టారు. థియో దాని ఎదురుగా పాత సోఫాలో కూర్చున్నాడు. ఫోను మోకాలి మీద ఉంది. వాడికి కుడిపక్కన వెర్నా. ఎడమపక్క ఖాళీ. ఎవరైనా కూర్చోబోతే థియో, "అక్కడ మనిషి వస్తారు," అనేవాడు.

టీవీలో పేర్లు వస్తున్నాయి. ఎవరెవరివో. ఒక్కో పేరుకు పెరట్లో చప్పుడు ఆగేది, మళ్లీ మొదలయ్యేది. నాలుగో వంతు పేర్లు అయిపోయాయి. అయిదోది సగానికొచ్చింది. థియో మోకాలు నొక్కుకోవడం వెర్నా చూసింది. ఎడమ మోకాలే.

"నాన్నా," అన్నాడు థియో. "మిస్ జో ఇంకా రాలేదేం? నీ ఫోన్లోంచి ఒకసారి అడగవా."

హ్యూబర్ట్ చేతులు తుడుచుకుని కారు దాకా నడిచి వెళ్లాడు. అయిపోయింది, అనుకుంది వెర్నా. ఆవిడ ఇప్పుడు చెప్పేస్తుంది. మీ ఆవిడే వద్దంది కదండీ అంటుంది. ఇంతమందిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? హ్యూబర్ట్ తిరిగి వచ్చేదాకా ఆమె టీవీ వైపే చూసింది గానీ ఏదీ కనబడలేదు.

"ఆవిడకి జ్వరంట," అన్నాడు హ్యూబర్ట్. "రాలేనంది. అమ్మకీ నీకూ దీవెనలు చెప్పమంది." ఆపి, తల గోక్కున్నాడు. "గొంతు మాత్రం బాగానే ఉంది."

వెర్నా బతికిపోయాననుకుంది. ఆ వెంటనే ఆమెకు ఒంటి మీద వాత పెట్టినట్టయింది. ఆవిడ నన్ను కాచింది. నేను చెప్పిన అబద్ధాన్ని తన అబద్ధంతో కప్పింది. ఇందులో కూడా ఆవిడదే పైచెయ్యి.

థియో లేచి నిలబడ్డాడు. సోఫా ఒక్కసారిగా పైకి లేచింది.

"ఎక్కడికి?" అంది వెర్నా.

"కోచ్ ఊళ్లో లేడు. ఇంకో కుర్రాడింటికి వెళ్లాడు. జ్వరంలో ఒక్కతే ఉంటుంది ఆవిడ. చూసొస్తాను."

"ఇప్పుడా? ఫోను వస్తే?"

"ఫోను జేబులో ఉంటుంది కదా."

"ఇంతమంది నీ కోసం వచ్చి కూర్చుంటే ఆవిడ కోసం పోతావా?"

థియో వంటింట్లోకి నడిచాడు, తాళాల కోసం. వెర్నా వెనకే వెళ్లి తలుపు మూసింది. ముసలమ్మ లోపలే ఉందన్న సంగతి కూడా చూసుకోలేదు.

"చెప్పు," అంది. "నాకు జ్వరం వస్తే ఎప్పుడైనా ఇలా లేచావా? నేను నీ కోసం మైదానాలన్నీ తిరిగాను. ఎండకీ వానకీ కూర్చున్నాను. చివరికి టీవీలో నీ నోట్లోంచి వచ్చిన పేరు ఎవరిది? నీకు పాలిచ్చింది నేను. పేరు ఆవిడది. ఈ ఒక్క రోజైనా నాది కాకూడదా?"

"నీది కాదని ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. ఆవిడకి ఒకపక్క చోటు ఉంచావు."

"జ్వరంగా ఉన్న మనిషి మీద ఇప్పుడేంటమ్మా ఇది?"

"జ్వరమూ లేదు, ఏమీ లేదు," అంది వెర్నా. మాట నోరు దాటింది. ఇక వెనక్కి రాదు. "నేనే రావద్దన్నాను. నిన్న ఫోన్ చేసింది. ఇంటివాళ్లం మటుకే అన్నాను. నీకే ఇష్టం లేదని చెప్పాను."

థియో అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది. వాడు బల్ల అంచు పట్టుకుని వంగి నిలబడ్డాడు, ఆటలో బంతి లేవకముందు నిలబడినట్టు.

"నాకిష్టం లేదన్నావా," అన్నాడు.

"అన్నాను."

"అమ్మా, టీవీ వాళ్లు అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నువ్వే. నీ పేరు ఎత్తితే ఏడుస్తానని భయమేసింది. ముందువరసలో నిలబడేవాడు ఒక్కసారి ఏడిస్తే ఇక ఎదుటివాళ్లు జన్మలో వదలరు. అందుకని ఏడుపు రాని పేరు చెప్పాను. అంతకంటే ఏం లేదు."

వారం రోజులుగా వెర్నాని కాల్చిన నిప్పు అది. దాని మీద ఇంత చిన్న చెంబుతో నీళ్లు పడతాయనుకోలేదు.

"నువ్వు కూర్చో," అంది. "ఫోను దగ్గరే కూర్చో. నేను పోయి ఆవిణ్ణి తీసుకొస్తాను."

"నా పేరు వస్తే నువ్వు ఉండవు కదమ్మా."

"వస్తే రానీ. ఇది నేను చేసిన పని. నేనే దిద్దుకోవాలి."

మూలనుంచి యులాలీ ముసలమ్మ అంది, "ఆ ఎర్రచెప్పులు వేసుకుపోకు. బ్రేకు మీద జారతాయి."

వరిచేల మధ్య రోడ్డు మీద వెర్నా కారు వేగంగా పోయింది. నీళ్లు నిలిచిన మడుల్లో రొయ్యల బుట్టలు ఎర్రగా తలలెత్తి ఉన్నాయి. కొంగలు వాటి చుట్టూ తిరుగుతున్నాయి. ఇన్నేళ్లూ కొడుకు పేరు పిలుస్తారని కన్న కల అది. ఆ క్షణాన వాడి పక్కన ఉండాలని ఆమె ఎదురుచూసింది. ఇప్పుడు ఆ ఇంటికి వీపు తిప్పి పోతోంది, అదీ ఎవరి కోసం? దారి పొడవునా మనసు వెనక్కి లాగుతూనే ఉంది. రేడియో పెట్టలేదు. పెడితే కారు తిప్పేస్తానని భయం.

జో ఎలెన్ తలుపు తీసింది. వంటింటి గుడ్డ భుజం మీదుంది. ఒంట్లో జ్వరం లేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"థియోకి ఏమైనా అయిందా?" అంది మొదట.

"ఏం కాలేదు. ఇంకా పేరు రాలేదు. నేను మీకు అబద్ధం చెప్పానండి. వాడు మీకు చోటు ఉంచాడు. నేనే ఓర్వలేకపోయాను."

జో ఎలెన్ వాకిట్లో అలాగే నిలబడింది. "తెలుసు," అంది.

"ఎలా తెలుసు?"

"వాడికి మొహమాటం ఉంటే నాకే చెబుతాడు. నేలచూపులు చూసి చెబుతాడు. ఇంకొకరి చేత చెప్పించడు." తలుపు ఇంకాస్త తెరిచింది. "రండి. చెప్పులు వేసుకుంటాను."

వెర్నా లోపలికి వెళ్లింది. తప్పులు పట్టుకోవాలన్నట్టు చూపు తనంతట తనే అన్నిచోట్లా తిరిగింది. వంటింటి పక్కన ఆ బల్ల ఉంది. ఇన్నాళ్లూ తాను ఏదో రాజులు కూర్చునే బల్ల అనుకుంది. రెండు పాత తలుపులు కలిపి మేకులు కొట్టిన బల్ల అది. కుర్చీలు లేవు. ఆ కుర్రాళ్ల బరువుకు అన్నీ విరిగిపోతే దుంగలు కోయించి పీటలు చేయించారట. బల్ల చివర ఒక్క కంచం ఉంది. అందులో అన్నం, దాని మీద ముదురు రంగు గ్రేవీ, ముట్టనే లేదు. చిన్న టీవీలో పేర్లు వస్తున్నాయి.

వెర్నా ఆ కంచం వైపు చూసింది. "ఇది మీ వంట కాదే."

"కాదు. నాది అర్కన్సా రాష్ట్రం. మేం గ్రేవీ పాలు పోసి తెల్లగా చేస్తాం," అంది జో ఎలెన్. "వచ్చిన కొత్తలో వాడు తినేవాడు కాదు. చిక్కిపోతున్నాడు, ఇలా అయితే ఇంటికి పంపేస్తామన్నారు మా ఆయన పైవాళ్లు. ఒకరోజు పొయ్యి దగ్గరకు వచ్చి నిలబడి, మా అమ్మ ఇంకా నల్లబడేదాకా వేయిస్తుంది అన్నాడు. మూకుళ్లు మాడ్చి మాడ్చి నేర్చుకున్నాను. తినడం మొదలెట్టాడు. కానీ తిన్న ప్రతిసారీ 'బాగుంది, కానీ' అనేవాడు. అక్కడ ఆపేసేవాడు. ఆ 'కానీ' మీరే. ఎన్ని గురువారాలు మీ మీద ఉడికిపోయానో ఆ దేవుడికి తెలుసు."

వెర్నా పీట మీద కూలబడింది.

"నా మీదా?"

"మరి? ఏటేటా ఒక వరసను తయారుచేస్తాం. వండిపెడతాను, కట్లు కడతాను, ఆడపిల్లలతో వాళ్ల గొడవలు వింటాను. డ్రాఫ్టు రోజున అందరూ వాళ్ల అమ్మల పక్కన కూర్చుంటారు. కూర్చోవాలి కూడా. నేను ఈ టీవీలో చూస్తాను. ఇన్నేళ్లలో ఎవడూ ఇంటికి రమ్మనలేదు. వీడొక్కడే పిలిచాడు." ఆవిడ భుజం మీది గుడ్డ తీసి మొహం తుడుచుకుంది. "నిన్న మీరు వద్దనగానే మీ మీద కోపం రాలేదు. పోనీలే, ఎప్పుడూ ఉండేదే కదా అనిపించింది. అది ఇంకా బాధగా ఉంది."

అప్పుడే టీవీలో ఒక మనిషి కాగితం పట్టుకుని మైకు ముందుకు వచ్చాడు. ఉత్తరాన మంచు కురిసే ఊరి జట్టు పేరు చెప్పాడు. తర్వాత, నోరు తిరగక కాస్త తడబడుతూ, "థియోఫిల్ గిల్లరీ, గార్డ్," అన్నాడు.

ఇద్దరూ కదల్లేదు. తెర మీద థియో బొమ్మ వేశారు. అది ఆటలో తీసిన బొమ్మ. కుప్ప అడుగునుంచి ఒక వంకర వేళ్ల చెయ్యి మాత్రం బయటికి కనబడుతోంది. ఆ చెయ్యి ఎవరిదో ఇంకెవరికీ తెలిసే అవకాశం లేదు.

"వాడే," అంది వెర్నా.

"వాడే," అంది జో ఎలెన్.

ఎవరు ముందు చేతులు చాచారో తెలియదు. వెర్నా ఆ తెల్లావిడ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఎవరి వాటా ఎంతని తాను లెక్కలు కట్టుకుంది. ఇప్పుడు వాడు ఇద్దరికీ అందనంత దూరం పోతున్నాడు. అక్కడ చలిలో వాడికి ఎవరో ముక్కూమొహం తెలియని ఆడది అన్నం పెడుతుంది. పెట్టాలి. పెట్టకపోతే వాడు నిలబడలేడు. ఆ ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఆమె మనసు మొదటిసారి మంటపడకుండా దండం పెట్టుకుంది.

వెర్నా ఫోను మోగింది. ఫోన్లో తమ పెరట్లోని జనం కేకలు, గిన్నెలు కొట్టే చప్పుడు.

"అమ్మా, విన్నావా? ఎక్కడున్నావు?"

"విన్నాను నాన్నా. మిస్ జో వాళ్ల వంటింట్లో ఉన్నాను. పక్కనే ఉంది. ఇద్దరం విన్నాం."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది.

"ఏడుస్తున్నావా?" అంది వెర్నా. "అంతమంది చూస్తున్నారు."

"చూడనీ," అన్నాడు థియో. "ఇద్దరూ తిన్నారా?"

"తిని వస్తాం. మేం వచ్చేదాకా మీ నాన్నని రొయ్యలు అయిపోగొట్టొద్దని చెప్పు."

జో ఎలెన్ రెండో కంచం తెచ్చింది. పొయ్యి మీది గిన్నెలోంచి వేడి అన్నం పెట్టి, గ్రేవీ పోసి, ఎదురుగా నిలబడింది, పరీక్ష రాసిన పిల్లలా. వెర్నా ఒక ముద్ద తిన్నది. నిదానంగా నమిలింది. తన చేతి రుచే. ఎక్కడో ఒకచోట మాత్రం కాదు.

"ఉప్పు చాలలేదు జో," అంది. ఈ మనిషితో ఇక అబద్ధం ఆడదల్చుకోలేదు.

జో ఎలెన్ ఏడుపులోంచే నవ్వింది. "నాలుగేళ్లనుంచి ఏం తక్కువైందో ఎవరూ చెప్పలేదు," అంది.

వెర్నా లేచి ఉప్పు డబ్బా ఎక్కడుందని అడగకుండానే అల్మరా తెరిచింది. చిటికెడు తీసి గిన్నెలో వేసి కలిపింది. జో ఎలెన్ పక్కకు జరిగి ఆమెకు పొయ్యి దగ్గర చోటిచ్చింది. ఇద్దరూ ఒకే పీట మీద కూర్చుని, ఆ బల్ల దగ్గర, మిగిలిన అన్నమంతా తిన్నారు.